ఎవరికి అమ్మాలో నా ఇష్టమన్నవాడు

మొన్న మా జిల్లా శాఖ కథాగోష్ఠిలో ఒక యువరచయిత కొత్త కథ చదివాడు. ఊరి మధ్య టీకొట్టు. కొట్టువాడు పల్లెలోంచి వచ్చే మాల మాదిగ కూలీలకు చూరులో దోపిన గ్లాసుల్లో టీ పోస్తాడు. తాగినవాళ్ళు ఎవరి గ్లాసు వాళ్ళే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. పట్నంలో చదువుకొని వచ్చిన కుర్రవాడొకడు ఆ గ్లాసులన్నీ లాగి నేలకేసి కొడతాడు. కథ అక్కడ ముగుస్తుంది. అందరం చప్పట్లు కొట్టాం.

చర్చ మొదలయ్యాక బి.కాం. చదువుతున్న ఒక విద్యార్థి లేచి, "కొట్టు అతనిది, పెట్టుబడి అతనిది. ఎవరికి అమ్మాలో ఎవరికి అమ్మకూడదో తేల్చుకునే స్వేచ్ఛ వ్యాపారికి ఉండొద్దా? మనం స్వేచ్ఛ కోరేవాళ్ళమే కదా?" అని అడిగాడు. సభ భగ్గుమంది. ఒకరు అతన్ని అభివృద్ధి నిరోధకుడన్నారు. ఇంకొకరు కులం అడగబోయి ఆగారు. అతను కూచున్నాడు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కోపం న్యాయమైనదే కావచ్చు, అయితే అది జవాబు కాదు. ఆ ప్రశ్న ఇవాళ కాలేజీల్లో చాలామంది కుర్రవాళ్ళ నోట వినపడుతున్నది. మన కథలు చదవవలసినవాళ్ళూ వాళ్ళే. అందుకని ఇంటికి వచ్చాక తీరిగ్గా ఆలోచించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ కొట్టులో జరుగుతున్నదేమిటో సరిగా చూడాలి. కొట్టువాడు కూలీని పొమ్మనలేదు. టీ పోశాడు, డబ్బు పుచ్చుకున్నాడు, అందరి దగ్గరా ఎంత పుచ్చుకుంటాడో అంతా పుచ్చుకున్నాడు. గ్లాసులు రెండు రకాలు గాని గల్లాపెట్టె ఒక్కటే. పల్లె నుంచి వచ్చిన రూపాయి ఊరి రూపాయిలో కలిసిపోయింది. మైలపడేది గాజు మాత్రమే, నాణెం పడదు! కాబట్టి "గిరాకీని ఎంచుకునే స్వేచ్ఛ" అన్న మాట ఇక్కడ మొదట్లోనే తప్పుతున్నది. కొట్టువాడు గిరాకీని వదులుకోలేదు. పూర్తి ధర తీసుకొని సగం సరుకు ఇచ్చాడు.

సగం సరుకు అని ఎందుకంటున్నానంటే, టీకొట్టులో అమ్మేది టీ ఒక్కటే కాదు. బల్ల మీద కూచోవడం, పందిరి నీడ, ఇంకొకడు కడిగిన గ్లాసు, పేపరు చదివి వినిపించేవాడు, ఆ పూట ఊళ్ళో కూలి ఎంత పలుకుతున్నదో, ఏ చేను కౌలుకు వస్తున్నదో అన్న కబురు, ఇవన్నీ ఆ ధరలోనే ఉన్నాయి. బయట గొంతుక్కూచొని తాగేవాడికి ఇవేవీ దక్కవు. బజారులో కొనేవాడూ అమ్మేవాడూ సమానులుగా ఎదురుపడతారని అర్థశాస్త్రం పాఠం. మన బజారు మాత్రం ఊరు మీద కట్టిన బజారు. ఊళ్ళో ఎవడి చోటు ఎక్కడో బజారులోనూ అక్కడే ఉంచుదామని చూస్తుంది.

దీనికి చరిత్ర లేకపోలేదు. డబ్బుకు అన్నం పెట్టే చోట్లు మనకు కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింట్లో ఒక్క రూకకు దొరికే భోజనం సంగతి సాహిత్య విద్యార్థులకు తెలుసు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ లేకపోతే గిరీశానికి గడిచేది కాదు. పూటకూటిల్లు పేరుకు తగ్గట్టు ఇల్లే. అమ్మేది అన్నమే అయినా అక్కడ ఇంటి మర్యాద, ఇంటి మడి నడిచేవి. ఎవరిని పంక్తిలో కూచోబెట్టాలన్నది ఆ ఇంటివాళ్ళ ఆచారాన్నిబట్టి ఉండేది. తర్వాత కాఫీ హోటలు వచ్చింది. అది వీధిలోకి తలుపు తెరిచింది, బోర్డు కట్టింది, ధరల పట్టిక రాసింది. అయినా ఇంటి ఆచారాన్ని వెంట తెచ్చుకుంది. మద్రాసు రాజధానిలో "బ్రాహ్మణ హోటలు" బోర్డులు ఉండేవని పెద్దవాళ్ళు చెప్పేవారు. స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళకు, 1957లో, మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీది ఆ మాట తీసేయాలని పెరియార్ ఉద్యమం నడపవలసి వచ్చింది. వీధిలో ఉన్న కొట్టును తన ఇల్లే అనుకోవడంలో ఉంది చిక్కంతా. మన విద్యార్థి ప్రశ్నలోనూ ఉన్నది ఆ చిక్కే.

ఇంటికి ఎవరిని పిలవాలో ఇంటివాడి ఇష్టం, దాన్ని ఎవరూ కాదనరు. కొట్టు తెరవడమంటే దారినపోయే ప్రతివాడినీ పిలవడమే. ఈ సంగతి నాకంటే చాలా ముందు అంబేద్కర్ రాజ్యాంగ సభలో చెప్పారు. 1948 నవంబరు 29న, ఇప్పుడు 15వ అధికరణంగా ఉన్న దాని మీద చర్చ జరిగింది. "షాపు" అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. తనను వెతుక్కుంటూ వచ్చిన ఎవరికైనా సేవ చేయడానికి యజమాని సిద్ధపడి కూచున్న చోటల్లా షాపేనని ఆయన అర్థం చెప్పారు. లోపలికి అడుగుపెట్టనిస్తే చాలదని, షరతులు కుదిరితే సేవ కూడా చేయాలని వివరించారు. న్యాయవాదులు దీన్ని ఎలా చదువుతారో గాని, నాకు ఇది మంచి వచనం లాగా కనిపిస్తుంది. గోడలనూ కప్పునూ పక్కనపెట్టి, ఒక మనిషి ఇంకొక మనిషి కోసం సిద్ధపడి ఉండడమే షాపు అన్నాడాయన.

ప్రాథమిక హక్కుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. 15వ అధికరణం రెండో భాగం అలా కాదు. సొంత డబ్బుతో పెట్టుకున్న దుకాణం, హోటలు, వినోదశాల, వీటిలో కులం, మతం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డగించరాదని నేరుగా పౌరుడికే చెబుతుంది. 19వ అధికరణం వ్యాపారం చేసుకునే హక్కు ఇస్తూనే, ప్రజాహితం కోసం దానికి సబబైన హద్దులు పెట్టవచ్చునంటుంది. తర్వాత 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని గట్టిచేసి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. అందులో సెలూనూ బట్టలుతికే కొట్టూ కూడా షాపులే. హోటల్లో అందరి కోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం నేరం. అదే వేళకు, అదే చోట, అవే షరతుల మీద అమ్మకపోవడమూ నేరమే. చూరులో గ్లాసును కళ్ళారా చూసినవాళ్ళే ఆ మాటలు రాసి ఉంటారు. శిక్ష నెల నుంచి ఆరు నెలల దాకా ఖైదు, నూరు నుంచి అయిదు వందల దాకా జరిమానా. 1976 నాటి అయిదు వందలు ఇవాళ ఎంతకు వస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

అయితే చట్టం ఉంది కదా అని చెప్పి కూచుంటే ఆ విద్యార్థికి జవాబు చెప్పినట్టు కాదు. స్వేచ్ఛను చట్టం నలిపేస్తున్నదని అతను అనవచ్చు. ఆ మాట పెద్ద కోర్టుల్లో పెద్దమనుషులే అన్నారు. అమెరికాలో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చి, హోటళ్ళలో నల్లవాళ్ళకు చోటు లేదనడానికి వీల్లేదంది. జార్జియా రాష్ట్రం అట్లాంటా నగరంలో 216 గదుల మోటెల్ నడిపే ఒక యజమాని కోర్టుకెక్కాడు. అతను చేసిన వాదాల్లో ఒకటి వింటే మతి పోతుంది. నల్లవాళ్ళకు గది ఇమ్మని తనను నిర్బంధించడం తన చేత వెట్టి చేయించడమేనట, కాబట్టి బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణకు అది విరుద్ధమట! బానిసలను విడిపించిన వాక్యాన్ని బానిసల మనుమల మీదికే తిప్పాడన్నమాట. ఆ ఏడు డిసెంబరులోనే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రయాణంలో రాత్రిపూట తలదాచుకునే చోటు దొరకని మనిషికి ప్రయాణించే స్వేచ్ఛ ఉన్నట్టా? యజమాని స్వేచ్ఛ ఒక్కటే త్రాసులో వేస్తే ఈ రెండో స్వేచ్ఛ కనపడనే కనపడదు.

ఇక మన ఊరికి వద్దాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిచేసిన ఊళ్ళో, స్కూలు ఎదుట ఒక టీకొట్టు ఉండేది. పది నెలలు రోజూ అక్కడ టీ తాగాను. నా గ్లాసు నా చేతికి వచ్చేది కాబట్టి మిగతా గ్లాసులు ఎక్కడున్నాయో నేను చూడలేదు. ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి టీ తెమ్మని పంపితే, వాడు వెళ్ళకుండా వరండాలో నిలబడ్డాడు. "నేను అడిగితే ఆ గ్లాసులో పోస్తాడు మాస్టారూ, మీకది తేకూడదు" అన్నాడు. అభ్యుదయ సాహిత్యం మీద పరీక్షలు రాసి ప్యాసైనవాణ్ణి. చూరు చూడ్డానికి నాకు పది నెలలూ ఒక పిల్లవాడూ కావలసివచ్చింది.

ఆ సాయంత్రం కొట్టువాణ్ణి అడిగాను. అతను దుర్మార్గుడు కాదు. పిల్లలకు ఫీజు చాలకపోతే చేబదులిచ్చేవాడు. వడగుడ్డ పిండుతూ, "నాదేముందండీ మాస్టారూ! ఆ గ్లాసులు తీసేస్తే రేపటినుంచి ఊళ్ళోవాళ్ళు నా కొట్టుకు రారు. పాలు పోసేది వాళ్ళే. ఈ పాక వేసుకున్న చోటూ వాళ్ళదే" అన్నాడు. అప్పుడు నాకు అర్థమయిన సంగతి ఇప్పుడు ఆ విద్యార్థికి చెప్పదలచుకున్నాను. ఎవరికి ఏ గ్లాసన్నది కొట్టువాడు ఎంచుకోలేదు. అది ఊరి హుకుం. "నా కొట్టు నా ఇష్టం" అనే మాటను అతని నోటితో అనిపిస్తున్నవాళ్ళు వేరే ఉన్నారు. అందరికీ ఒకే గ్లాసన్న చట్టం నిజంగా అమలయితే, ఆ చిన్న వ్యాపారికి కూడా కాస్త ఊపిరాడుతుంది. "నేనేం చేయనండీ, చట్టం" అని చెప్పుకోవడానికి అతనికి ఒక మాట దొరుకుతుంది. మంగలిషాపు నడిపేవాళ్ళ సంగతీ ఇంతే. ఊరికి కట్టుబడి పనిచేసిన కులాలవాళ్ళు పల్లెవాళ్ళకు క్షవరం చేయకపోతే నింద వాళ్ళ మీద పడుతుంది, కట్టడి చేసినవాళ్ళ మీద పడదు.

పోటీ ఉంటే అంతా సర్దుకుంటుందని, ఇతను పోయకపోతే ఇంకొకడు కొట్టు పెడతాడని ఇంకో వాదన ఉంది. పెట్టవచ్చు. ఆ ఇంకొకడికీ పాలు పోసేవాళ్ళు వాళ్ళే. పల్లెలోని మనిషే టీకొట్టు పెడితే అక్కడ తాగడానికి ఊరు రాదు. రావాలని ఏ చట్టమూ బలవంతం చేయలేదు. కొనేవాడి ఇష్టాన్ని చట్టం ముట్టుకోలేదు, అమ్మేవాణ్ణి మాత్రమే ముట్టుకుంది. ఇది చట్టంలోని లోపమని నేననను. చట్టం ఆగిపోయిన చోట మిగిలిన పని ఎవరిదన్నది మాత్రం రచయితలు ఆలోచించవలసిన సంగతే.

అమ్మనంటున్నవాళ్ళు ఒక్కొక్కరుగా ఉంటే అది ఇష్టమనిపించవచ్చు. అందరూ ఒకేరోజు అమ్మనంటే దానికి వేరే పేరుంది. పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో 2017లో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన తగాదా దళితుల సాంఘిక బహిష్కరణ దాకా వెళ్ళింది. పనులకు పిలవలేదని, కొట్లలో సరుకులు ఇవ్వలేదని అప్పటి పత్రికలు రాశాయి. అలాంటప్పుడు ఒక్కొక్క కొట్టువాణ్ణి విడిగా అడిగితే "నా ఇష్టం" అనే అంటాడు. అన్ని ఇష్టాలూ కలిసి ఒక ముట్టడి అవుతాయి. షెడ్యూల్డు కులాల, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా అందులో నేరమయింది. వినోదశాల సంగతి కూడా చెప్పాలి. గుంటూరు జిల్లా చుండూరులో 1991లో గొడవ రాజుకున్నది ఒక సినిమాహాల్లో, కాలు తగిలిందన్న మాట మీద. టిక్కెట్టు ధర ఇద్దరికీ ఒకటే. ఆ తర్వాత బహిష్కరణ, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య. రాజ్యాంగంలో "వినోదశాలలు" అన్న ఒక్క మాట వెనక ఎంత ఉందో తెలియాలంటే చుండూరు గుర్తుకు రావాలి.

అయితే వ్యాపారికి ఎవరినీ కాదనే హక్కు లేదా? ఉంది. తాగి వచ్చి బల్లలు విరగ్గొట్టేవాణ్ణి వెళ్ళగొట్టవచ్చు. పాత బాకీ తీర్చనివాడికి అరువు లేదనవచ్చు. వేళ దాటితే తలుపు మూయవచ్చు. ఇవన్నీ మనిషి చేసిన పనికి సంబంధించినవి, లేదా అందరికీ ఒకేలా వర్తించేవి. పుట్టుకను చూసి కాదనడం వీటిలో చేరదు.

రచయితలకు దగ్గరగా వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. కులాన్ని పొగుడుతూ కరపత్రం అచ్చువేయమంటే ప్రెస్సువాడు వేయాలా? ఒక భూస్వామి షష్టిపూర్తికి పద్యాలు రాయమంటే కవి రాయాలా? అక్కరలేదని నా అభిప్రాయం. అతను కాదన్నది ఆ మాటను. ఎవరు అడిగినా ఆ మాటను కాదంటాడు. అదే ప్రెస్సువాడు ఊరివాడి పెళ్ళిశుభలేఖ వేసి, పల్లెవాడి పెళ్ళిశుభలేఖ వేయనంటే, కాదన్నది మనిషిని. అమెరికాలో ఈ గీత మీదనే కొన్నేళ్ళుగా తగాదా నడుస్తున్నది. స్వలింగ జంట పెళ్ళికి కేకు చేయనన్న కొలరాడో బేకరీవాడి కేసును 2018లో సుప్రీంకోర్టు అతని పక్షానే తేల్చింది గాని, అసలు ప్రశ్నను దాటవేసింది. అక్కడి కమిషను అతని మతాన్ని చులకన చేసిందన్న కారణం మీద నిలిచింది. 2023లో అదే రాష్ట్రంలో అలాంటి పెళ్ళిళ్ళకు వెబ్‌సైట్లు తయారుచేయడం ఇష్టంలేని ఒక డిజైనరు విషయంలో, తనకు నమ్మకం లేని మాటను ఆమె చేత పలికించకూడదని ఆరుగురు న్యాయమూర్తులు అన్నారు, ముగ్గురు కాదన్నారు. ఆ ముగ్గురి భయం నాకు అర్థమవుతుంది. "నా సరుకు కూడా నా మాటే" అని రేపు ఎవడైనా అనవచ్చు. అయితే టీ మాట కాదు. గ్లాసు ఏ అభిప్రాయాన్నీ ప్రకటించదు, దాన్ని చూరులో పెడితే తప్ప.

అద్దె ఇల్లు అన్నిటికన్నా జటిలమైనది. అది ఇల్లే, బజారులో పెట్టిన ఇల్లు. "శాకాహారులకు మాత్రమే" అన్న బోర్డు ఏ పట్నంలోనైనా కనిపిస్తుంది. నేను బదిలీ మీద వెళ్ళిన ప్రతిచోటా ఇల్లుగలవాళ్ళు జీతం అడగకముందే "మీరేమిట్లండీ?" అని అడిగారు. చెప్పాను, ఇల్లు దొరికింది. నాతోపాటే చేరిన ఒక దళిత ఉపాధ్యాయుడు అదే వీధిలో నాలుగు గుమ్మాలు ఎక్కి దిగి, చివరకు పాతిక కిలోమీటర్ల దూరం నుంచి బస్సులో వచ్చేవాడు. పార్సీలకు మాత్రమే సభ్యత్వమన్న ఒక గృహనిర్మాణ సహకార సంఘం నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2011లో ఒక ప్రైవేటు వైద్య కళాశాల ప్రవేశాల కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, మన తెలుగువాడే, 15వ అధికరణంలోని "షాపు"కు అంబేద్కర్ చెప్పిన విశాలార్థాన్ని మళ్ళీ ముందుకు తెచ్చారు. ఈ రెండింటి మధ్య అద్దెకిచ్చే ఇల్లు ఎటు చేరాలో తేలవలసే ఉంది. నన్నడిగితే, బోర్డు కట్టిన రోజున అది కొట్టే.

చివరగా ఆ కథ సంగతి. ఊరబావి మన కథల్లోకి బాగానే వచ్చింది. కోలకలూరి ఇనాక్ "ఊరబావి" ఎవరూ మరవలేరు. టీకొట్టుకు అంత చోటు దక్కలేదని నాకనిపిస్తుంది. కాబట్టి ఈ యువకుడు వస్తువును బాగానే ఎంచుకున్నాడు. కొట్టువాడికి మాత్రం బుర్రమీసాలూ ఎర్రటి కళ్ళూ పెట్టి, గ్లాసులు పగలగొట్టించి చేతులు దులుపుకున్నాడు. పగిలిన గ్లాసుల బదులు మర్నాడు ఏం వస్తుంది? ఈమధ్య నేను వెళ్ళిన ఒక ఊళ్ళో చూరులో గ్లాసుల్లేవు. కాగితం కప్పులు వచ్చాయి, రెండు గ్లాసుల బాధ తప్పిందన్నారు. కాసేపు కూచొని చూశాను. బల్ల మీదివాళ్ళకు స్టీలు గ్లాసు వస్తున్నది. కాగితం కప్పు నిలబడ్డవాళ్ళకు వస్తున్నది. కొత్త సరుకు పాత పనే చేస్తున్నది. దాన్ని పగలగొట్టడానికి కూడా వీల్లేదు.

కథ తిరగరాస్తానని ఆ యువకుడు ఉత్తరం రాశాడు. రెండు ప్రశ్నలు పంపాను. ఆ కొట్టుకు పాలు ఎవరు పోస్తారు? పాక వేసుకున్న చోటు ఎవరిది? బి.కాం. విద్యార్థిని కూడా వచ్చే గోష్ఠికి వెంటబెట్టుకు రమ్మన్నాను. కొట్టువాడి జమాఖర్చు రాయడం అతనికి మనకంటే బాగా తెలుసు.